ఎవరి చేతిలో ఏ తాళంచెవి ఉందో చూసుకో, బిడ్డా

బిడ్డా,

మొన్న ఆదివారం ఫోన్‌లో నీ గొంతు దిగులుగా వినబడ్డప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పుణెలో కొలువులో చేరి నెల తిరగలేదు, అప్పుడే "తాతా, నాతోని గుమాస్తా పని చేయిస్తున్నరు" అన్నావు. కొత్తగా ఏదో కట్టే పని ఇస్తారని ఆశపడి వెళితే, డేటాబేస్‌లో ఎవరెవరికి ఏ రోల్ ఉంది, ఎవరికి ఏ అధికారం ఉంది, చూసి పట్టిక రాసుకురమ్మన్నారని నీ బాధ. ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. కింద పవర్‌లూములు ఆగకుండా మోగుతున్నాయి. నీ మాట నాకు, నా మాట నీకు సగమే అందాయి. అందుకే కూచుని రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ పట్టికల్లో ఉన్నవాళ్లెవరో గుర్తు చేస్తాను. మీ కంపెనీ లెక్కలు చూసే పతసంస్థల్లో, అంటే పరపతి సంఘాల్లో, రెండు మన సోలాపూర్ తూర్పు భాగానివని నువ్వే అన్నావు. అంటే అందులో ఉన్నది సాఖర్‌పేట, భవానీపేట, దత్తనగర్ జనం. కుంభారిలోని బీడీ ఘరకుల్ ఆడవాళ్లు. గోదూతాయి పరుళేకర్ పేరు మీద అక్కడ బీడీ కార్మిక మహిళలకు పదివేల ఇళ్లు కట్టి, 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా ఇచ్చారు. ఆ ఇంటి కోసం ఒక్కో ఆడమనిషి ఎన్నేళ్లు కాగితాలు పట్టుకుని తిరిగిందో, పేరులో ఒక్క అక్షరం తప్పుపోతే ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిందో నేను కళ్లారా చూశాను. తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి, వారానికి ఇంతని పతసంస్థలో వేసుకున్న డబ్బు నీ ముందు ఒక వరుసగా కనిపిస్తుంది. ఆ వరుసను ఎవరు చదవగలరు, ఎవరు మార్చగలరు, ఎవరు చెరిపేయగలరు అన్నది చూసి రమ్మంటే నీకు గుమాస్తా పనిలా తోచింది. ఇంటిల్లిపాదినీ కాపలా కాసే పని అది.

ఈ పనికి మొదటి పాఠం నేను ఎక్కడ నేర్చుకున్నానో నీకెప్పుడూ చెప్పలేదు. మా బాపు చాదర్లు నేసేవాడు. తెల్లారుజామున గిర్ని భోంగా, అంటే మిల్లు సైరన్, మోగితే లేచేవాళ్లం. మా తాత వలస వచ్చి చేరింది 1877లో పెట్టిన పాత గిర్నిలోనే. నాకు పదహారేళ్లప్పుడు జకార్డు కార్డులు కొట్టే మాస్టర్ దగ్గర పెట్టారు. గ్రాఫ్ కాగితం మీద నక్షా గీసి, రంగు నింపిన ప్రతి గడికీ అట్ట మీద ఒక బొక్క కొట్టాలి. బొక్క ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. చాదర్ మీద పువ్వయినా నెమలయినా ఇంతే. వందల కార్డులు వరుసగా దారంతో కుట్టి మగ్గం మీద ఎక్కిస్తాం. ప్రతి కార్డు మీదా మాస్టర్ పెన్సిల్‌తో నంబరు వేసేవాడు. ఒకరోజు నేను నంబరు చూసి ఎక్కించబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కార్డును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి, "నంబరు జూసి ఎక్కియ్యకురా, బొక్కలు జూసి ఎక్కియ్యి" అన్నాడు. తర్వాత ఇరవై రెండేళ్లు డేటాబేస్‌లు చూస్తూ కంప్యూటర్ ముందు కూచున్నాను గానీ, అధికారాల విషయంలో అంతకంటే పెద్ద పాఠం నాకెవరూ చెప్పలేదు.

ఎందుకంటే రోల్ పేరు కూడా ఆ పెన్సిల్ నంబరు లాంటిదే. ఒకచోట "చదవడానికి మాత్రమే" అని పేరున్న రోల్ ఉండేది. పేరు చూసి అందరం నిశ్చింతగా ఉన్నాం. పద్నాలుగు మందికి ఇచ్చాం. ఏళ్ల తర్వాత దాన్ని విప్పి చూస్తే లోపల రుణాల పట్టిక మీద అప్‌డేట్ అధికారం ఉంది. ఎప్పుడో మార్చి 31 రాత్రి లెక్కలు ముగించే తొందరలో ఒకరికి సవరణ చేయాల్సి వచ్చింది. ఆ మనిషికి విడిగా ఇవ్వకుండా, తీరిక లేక రోల్‌కే ఇచ్చేశారు. పొద్దున్నకు ఎవరికీ గుర్తులేదు. పద్నాలుగు మందీ చదివేవాళ్లమనే అనుకుంటూ, రాయగలిగేవాళ్లుగా మిగిలిపోయారు. పేరు మాత్రం అలాగే ఉంది.

రోల్ అంటే ఏమిటో నీకు చదువులో చెప్పే ఉంటారు. నేను మన కార్ఖానా మాటల్లో చెప్తాను. బాపు పనిచేసిన కార్ఖానాలో లెక్కలు రాసే దివాణ్‌జీ గది గోడకు వరుసగా మేకులుండేవి. నూలు గోడౌన్ తాళంచెవి, అద్దకం గది తాళంచెవి, తయారైన చాదర్ల గది తాళంచెవి. మేకు పైన మనిషి పేరు ఉండేది కాదు, పని పేరు ఉండేది. జాబర్, అంటే మగ్గాల మేస్త్రీ, ఎవరైనా సరే జాబర్ గుత్తి తీసుకుంటాడు, పని మానేసిన రోజున గుత్తి మేకుకు తగిలించి పోతాడు. మనుషులు మారతారు, గుత్తి మారదు. రోల్ వల్ల సుఖం అంతా అక్కడే ఉంది. ఒక్కొక్కరికీ విడివిడిగా తాళంచెవులు పంచడం మొదలుపెడితే, ఆర్నెల్లకు ఎవరి దగ్గర ఏముందో కార్ఖానాదారుకు కూడా తెలియదు.

ఇప్పుడు నా జీవితంలో నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఒకటి చెప్తాను. నేను పనిచేసిన ఒక సంస్థ సంగతి, పేరు వద్దు. అక్కడ ఒక పెద్ద గుమాస్తా ఉండేవాడు. నెమ్మదస్తుడు, ఒకరి పైసా ముట్టనివాడు. మొదట డిపాజిట్లలో చేరాడు, తర్వాత రుణాల విభాగానికి మార్చారు, ఆ తర్వాత బంగారం తాకట్టు, చివరికి జమాఖర్చు. విభాగం మారినప్పుడల్లా కొత్త అధికారం నేనే ఇచ్చాను. పాతది తీసెయ్యమని ఎవరూ అడగలేదు, నేనూ తీయలేదు. తొమ్మిదేళ్లలో అతని ఖాతాలో నాలుగు విభాగాల అధికారాలు పోగుపడ్డాయి. చిన్నవాళ్లకు పని ఆగిపోతే అతని పాస్‌వర్డ్ అడిగి వాడుకునేవాళ్లు. కాదనలేని మనిషి, చెప్పేసేవాడు. ఒకరోజు ఒక రుణం కిస్తీలు కట్టకుండానే కట్టినట్టు మారిపోయాయని బయటపడింది. లాగ్‌లో ఉన్నది అతని పేరు. డేటాబేస్‌కు తెలిసేది ఖాతా, కుర్చీలో ఎవరు కూచున్నారో దానికి తెలియదు. పదకొండు రోజులు ఆ మనిషి ఇంట్లో అన్నం ముట్టలేదు. చివరికి అసలు చేసినవాడు దొరికాడు, అతను నిర్దోషి అని తేలింది. కానీ తిరిగొచ్చాక అతను ఎవరి కళ్లలోకీ చూసి మాట్లాడలేదు. ఏడాది తిరక్కుండా ముందుగానే రిటైరయ్యాడు.

తప్పు నాది. నేను ఏడాదికి ఒక్కసారైనా అతని ఖాతా తెరిచి చూసి ఉంటే, రుణాల మీద రాసే అధికారం అతనికి అక్కర్లేదని కనిపించేది. తీసేసి ఉంటే ఆ మార్పు అతని పేరు మీద జరిగే వీలే లేదు. అక్కర్లేని అధికారం మనిషికి బలం అనుకుంటారు. ఏదైనా జరిగిన రోజున అదే అతని మెడకు చుట్టుకుంటుంది. అందుకే చెప్తున్నాను, నువ్వు రాసే పట్టిక మనుషుల మీద అనుమానంతో రాయొద్దు. వాళ్లను కాపాడటానికి రాస్తున్నానని మనసులో అనుకుని రాయి.

సరే, ఎలా చూడాలి? మీ దగ్గర ఎక్కువగా మైఎస్‌క్యూఎల్ అన్నావు కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మైఎస్‌క్యూఎల్‌లో ఖాతా అంటే పేరు ఒక్కటే కాదు, ఎక్కడి నుంచి వస్తున్నాడన్నది కూడా కలిపి. అదే పేరు లోకల్‌హోస్ట్ నుంచి ఒక ఖాతా, శాతం గుర్తుతో అంటే ఎక్కడి నుంచైనా వచ్చేది ఇంకో ఖాతా. రెండింటికీ పాస్‌వర్డు వేరు, అధికారాలు వేరు. కొత్తవాళ్లు ఒకదాన్ని చూసి రెండోదాన్ని మరిచిపోతారు. కాబట్టి ముందు మైఎస్‌క్యూఎల్ డాట్ యూజర్ పట్టికలో పేరు, హోస్ట్ రెండూ తీసి అన్ని వరుసలూ రాసుకో. 2018లో వచ్చిన 8.0 నుంచి రోల్స్ కూడా అదే పట్టికలో, తాళం వేసిన ఖాతాల్లా కనిపిస్తాయి. వాటిని మనుషులనుకుని కంగారు పడకు.

తర్వాత ఒక్కొక్కరికీ షో గ్రాంట్స్ ఫర్ అని నడుపు. మొదటి వరుసలో గ్రాంట్ యూసేజ్ అని వస్తే ఏదో పెద్ద అధికారమేమో అనిపిస్తుంది. యూసేజ్ అంటే గడప దాటి లోపలికి రావచ్చు, అంతే, ఏ గదీ తెరవలేడు. అసలు ఇబ్బంది రోల్స్ దగ్గర వస్తుంది. ఫలానా రోల్ ఇతనికి ఇచ్చాం అని ఒక్క వరుస చూపించి షో గ్రాంట్స్ ఊరుకుంటుంది. గుత్తి ఉందని చెప్తుంది గానీ గుత్తిలో ఏ తాళంచెవులున్నాయో చెప్పదు. చివర యూజింగ్ అని రాసి రోల్ పేరు ఇస్తే అప్పుడు విప్పి చూపిస్తుంది. మా మాస్టర్ కార్డును వెలుగుకు పట్టింది గుర్తుందిగా, యూజింగ్ అదే కిటికీ. రోల్ లోపల రోల్ ఉంటే ఎవరికి ఏది వెళ్లిందో రోల్ ఎడ్జెస్ అనే పట్టికలో దొరుకుతుంది.

ఇక్కడే ఒక చిక్కు నీకు తప్పక ఎదురవుతుంది, ముందే చెప్పి పెడతాను. రోల్ ఇచ్చినా సరే, డిఫాల్ట్ రోల్‌గా పెట్టకపోతే లాగిన్ అయినప్పుడు అది మేల్కోదు. మనిషి వచ్చి "నాకు పట్టిక తెరుచుకోవట్లేదు" అంటాడు. షో గ్రాంట్స్‌లో చూస్తే రోల్ ఉంది. అర్థం కాక, విసిగిపోయి ఆల్ ప్రివిలేజెస్ ఇచ్చేస్తారు. నేను చూసిన అనవసరపు అధికారాల్లో చాలావాటి పుట్టుక ఇలాంటి విసుగులోనే ఉంది. ముందు ఆ మనిషి సెషన్‌లో కరెంట్ రోల్ ఏముందో చూడు. నన్ అని వస్తే జబ్బు అదే, మందు సెట్ డిఫాల్ట్ రోల్.

పోస్ట్‌గ్రెస్ దారి వేరు. 2005లో వచ్చిన 8.1 నుంచి అక్కడ యూజర్, రోల్ రెండూ ఒకటే జాతి. లాగిన్ కాగలిగే రోల్‌నే యూజర్ అంటారు. బ్యాక్‌స్లాష్ డీ యూ అని కొడితే అందరూ వస్తారు. ఎవరు ఎవరి రోల్‌లో సభ్యులో 16వ వెర్షన్ నుంచి విడిగా బ్యాక్‌స్లాష్ డీ ఆర్ జీ చూపిస్తుంది. పట్టిక మీద అధికారాలకు బ్యాక్‌స్లాష్ డీ పీ. అక్కడ మాటలుండవు, అక్షరాలుంటాయి: ఆర్ అంటే చదవడం, ఏ అంటే కొత్త వరుస చేర్చడం, డబ్ల్యూ అంటే మార్చడం, చిన్న డీ అంటే వరుస తీసేయడం, పెద్ద డీ అంటే పట్టికంతా ఖాళీ చేయడం. చిన్న డీ, పెద్ద డీ మధ్య తేడా తెలియక ఒకరు నాకు తప్పు పట్టిక రాసిచ్చారు, నువ్వు ఆ పొరపాటు చేయకు. అక్షరాలుండాల్సిన గడి ఖాళీగా ఉంటే ఎవరికీ అధికారం లేదని కాదు, ఎవరూ ఏమీ మార్చలేదు, సొంతదారుకు అన్నీ ఉన్నాయి అని అర్థం. సమానం గుర్తుకు ముందు పేరేమీ లేకుండా, తర్వాత అక్షరం కనిపిస్తే మాత్రం కుర్చీలో నిటారుగా కూచో. అది పబ్లిక్, అంటే లోపలికి వచ్చిన ప్రతివాడికీ.

ఒరాకిల్ చూడాల్సి వస్తే ఒక చోట చూసి లేచిపోకు. ఇచ్చిన రోల్స్ ఒక వ్యూలో, సిస్టమ్ అధికారాలు మరో వ్యూలో, పట్టికల మీద అధికారాలు ఇంకో వ్యూలో ఉంటాయి: డీబీఏ రోల్ ప్రివ్స్, డీబీఏ సిస్ ప్రివ్స్, డీబీఏ ట్యాబ్ ప్రివ్స్. మూడూ చూసి, రోల్ లోపలి రోల్‌ను మళ్లీ మొదటి నుంచి వెతకాలి. సెలెక్ట్ ఎనీ టేబుల్ అనే మాట ఎక్కడ కనిపించినా దాని పక్కన ఎర్ర గీత గీసుకో.

ఈ మూడు డేటాబేస్‌ల్లో ఏదైనా సరే రెండు మాటలు నీ కంట పడాలి: విత్ గ్రాంట్ ఆప్షన్, విత్ అడ్మిన్ ఆప్షన్. మొదటిది తన అధికారాన్ని, రెండోది తన రోల్‌ను ఇంకొకరికి ఇచ్చే హక్కు. కార్ఖానాలో జాబర్ తన తాళంచెవికి బజార్లో నకలు చేయించి మరొకడికి ఇవ్వడంతో సమానం. నువ్వు గుమాస్తా పని అన్న ఈ లెక్క మీద 1976లోనే అమెరికాలో ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాలలో పాట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫోర్డ్ వేడ్ పరిశోధనా వ్యాసం రాశారు. అంతకు ఆరేళ్ల ముందు, 1970లో, అదే సంస్థలో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ పద్ధతిని లోకానికి చెప్పాడు. గ్రిఫిత్స్ తర్వాత పాట్ సెలింజర్ పేరుతో ఎంత పెద్ద శాస్త్రవేత్త అయిందో నీ పుస్తకాల్లో ఉంటుంది. వాళ్లు వేసుకున్న ప్రశ్న ఇది: ఒకడు రెండోవాడికి ఇచ్చాడు, రెండోవాడు మూడోవాడికి ఇచ్చాడు. మొదటివాడు వెనక్కి తీసుకుంటే మూడోవాడి చేతిలోది ఏమవ్వాలి? మూడోవాడికి వేరే దారిన కూడా వచ్చి ఉంటే తప్ప, అది కూడా పోవాలని వాళ్లు తేల్చారు. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఉన్నదీ ఆ పద్ధతే. మైఎస్‌క్యూఎల్ మాత్రం అలా గొలుసు తెంపదు. మొదటివాడి దగ్గర తీసేసినా, అతను పంచినవి పంచినట్టే ఉంటాయి. పట్టికను చెరిపేసినా దాని మీద ఇచ్చిన అధికారాలు పోవు, రేపు అదే పేరుతో ఇంకో పట్టిక పెడితే పాతవాళ్లు అందులోకీ వచ్చేస్తారు. అందుకే మైఎస్‌క్యూఎల్‌లో చూసే పని ఎక్కువ. దానికి గుర్తుండనిది నువ్వు గుర్తుపెట్టుకోవాలి.

మనుషుల ఖాతాలన్నీ చూసి అలిసిపోయాక, ఒక ఖాతా మిగులుతుంది. అసలు సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లోకి వచ్చే ఖాతా. తెర మీద క్యాషియర్, మేనేజర్, ఆడిటర్ అని ఎన్ని రోల్స్ పెట్టినా, చాలాచోట్ల వెనక వాళ్లంతా ఒక్క ఖాతాతోనే డేటాబేస్‌లోకి వస్తారు. దానికి ఎవరో ఏనాడో అన్నింటి మీదా అన్ని అధికారాలూ ఇచ్చి ఉంటారు. ముందు గదికి పది తాళాలు వేసి వెనక తలుపు తీసి పెట్టినట్టు ఉంటుంది అది. రోజువారీ లావాదేవీలు చేసే ఖాతాకు పట్టికనే చెరిపేసే డ్రాప్ అధికారం ఎందుకు? మీ పెద్దవాళ్లను ఈ ప్రశ్న మర్యాదగా, అయినా తప్పక అడుగు.

ఇదంతా ముసలివాడి భయమనుకోకు. మన హైదరాబాద్‌లో ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కథ పత్రికల్లో వచ్చింది. 2022 జనవరిలో దొంగలు కంప్యూటర్ల ద్వారా 12 కోట్ల 48 లక్షల రూపాయలు ఎత్తుకుపోయారు. ఉద్యోగులకు మోసపు ఈమెయిళ్లు పంపి లోపలికి దారి చేసుకున్నారు. ఆ బ్యాంకులో సూపర్ యూజర్లు అవసరానికి మించి ఉన్నారని, కొందరి పాస్‌వర్డులు ఒకటేనని దర్యాప్తు చేసిన పోలీసులు చెప్పారు. 2023లో రిజర్వ్ బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఆ వార్త చదివినప్పుడు నేను చాలాసేపు కదలకుండా కూచున్నాను. సూపర్ యూజర్లు ఎందరున్నారో చూడటానికి ఒక్క ఆదేశం చాలు. అర నిమిషం పట్టదు.

అలాగని అందరి దగ్గరా అన్నీ లాగేసుకోమని నేననను. అక్కరకు చాలని అధికారం కూడా చెడుపే చేస్తుంది. మన పెద్దలు వదిలి వచ్చిన కరీంనగర్ పల్లెల్లో ఇప్పటికీ కొందరికి ఎకరం, అరెకరం ఉంది కదా. 2020లో తెలంగాణలో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చాక రికార్డులో తప్పు సవరించే అధికారాలు చాలావరకు కలెక్టర్ దగ్గర చేరాయి. చిన్న తప్పుకు కూడా జిల్లా కేంద్రం దాకా పోవాల్సి వచ్చిందని మన చుట్టాలు ఇక్కడికి వచ్చినప్పుడల్లా వాపోయేవాళ్లు. 2025లో భూభారతి చట్టం తెచ్చి ఆ అధికారాల్లో కొన్నింటిని కింది అధికారులకు పంచారు. ఆఫీసులో కూడా అంతే. కౌంటర్‌లో కూచునే అమ్మాయికి సభ్యురాలి ఫోన్ నంబరు మార్చే అధికారం లేకపోతే, ఆమె పక్క కుర్చీవాళ్ల పాస్‌వర్డ్ అడుగుతుంది. మా పెద్ద గుమాస్తా కథ మళ్లీ మొదలవుతుంది. ఫోన్ నంబరు గడి మీద మాత్రం అప్‌డేట్ ఇవ్వవచ్చు, నిల్వ గడి మీద అక్కర్లేదు. గడి గడికీ విడిగా ఇచ్చే వీలు మైఎస్‌క్యూఎల్‌లోనూ ఉంది, పోస్ట్‌గ్రెస్‌లోనూ ఉంది. వాడేవాళ్లే తక్కువ. నక్షాలో ఒక్కో గడికీ ఒక్కో బొక్క కొట్టిన ఇంటి పిల్లవు, నీకది కష్టం కాదు.

పట్టిక తయారయ్యాక దాన్ని విభాగం పెద్దకు చూపించి "ఇది సరిగ్గా ఉందా" అని అడగొద్దు. అలా అడిగితే ఎవరైనా చూడకుండా సంతకం పెడతారు, నేను ఇరవై ఏళ్లు చూశాను. "ఈ పేర్లలో ఇవాళ మీ దగ్గర పనిచేస్తున్నది ఎవరు? వీళ్లలో ఈ పని రోజూ చేసేది ఎవరు?" అని అడుగు. అప్పుడు వేలు పెట్టి ఒక్కో పేరు చూస్తారు. ఒక పేరు దగ్గర ఆగి, "అయ్యో, ఆయన పోయి రెండేళ్లయింది" అంటారు. ఆ మాట వింటే నీకు ఒళ్లు జలదరిస్తుంది. చచ్చిపోయిన మనిషి ఖాతా ఇంకా తెరిచి ఉండటం నేనూ చూశాను.

కనిపించిన వెంటనే తీసేయాలని చెయ్యి ఉరకలేస్తుంది. ఆగు. కొన్ని అధికారాలు ఏడాదికి ఒక్కసారి, మార్చి ముగింపులోనే వాడతారు. కొన్ని వ్యూలు, ప్రొసీజర్లు పాత ఉద్యోగి పేరు మీద తయారై ఉంటాయి, మైఎస్‌క్యూఎల్‌లో దాన్ని డిఫైనర్ అంటారు. ఆ ఖాతాను చెరిపేస్తే అవి పడిపోతాయి, పొద్దున్నే కౌంటర్ ముందు జనం నిలబడిపోతారు. ముందు ఖాతాకు తాళం వెయ్యి, అకౌంట్ లాక్ అని ఉంది. తాళం వేసినా ఆ వ్యూలు, ప్రొసీజర్లు నడుస్తూనే ఉంటాయి, మనిషి మాత్రం లోపలికి రాలేడు. ఒక ఏడాది ముగింపు దాటనిచ్చి, వాటి డిఫైనర్ మార్చి, అప్పుడు తీసెయ్యి. తీసే ముందు ఏముందో కాగితం మీద దించుకో, రేపు మళ్లీ ఇవ్వాల్సి వస్తే తడుముకోనక్కర్లేదు.

మూడు నెలలకోసారి ఇదే పని మళ్లీ చెయ్యి, గత పట్టికతో పోల్చు. కొత్తగా చేరిన వరుస ఎందుకు చేరిందో పక్కన ఒక్క ముక్క రాయి, ఎవరు అడిగారో రాయి. మా దివాణ్‌జీ ఖాతావహీలో తాళంచెవి ఎప్పుడు ఎవరికిచ్చాడో తారీఖుతో రాసేవాడు. ఆయనకు నాలుగో తరగతి కూడా పూర్తికాలేదు. మన చాదర్ భౌగోళిక గుర్తింపు సంగతి కూడా చూడు, సోలాపూర్ చాదర్ అనే పేరు వాడుకునే హక్కు ఎవరిదన్నది ప్రభుత్వ రిజిస్టర్‌లో అధీకృత వినియోగదారులని రాసి పెడతారు. హక్కు ఎక్కడ ఉంటుందో, దాని జాబితా అక్కడ ఉండాల్సిందే. నీ జాబితాను మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టకు బిడ్డా. ఎవరి దగ్గర ఏ తాళంచెవి ఉందో చెప్పే కాగితం దొంగకు అన్నింటికంటే ముందు కావలసిన కాగితం.

2023లో మన దేశానికి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. జనం వివరాలు దగ్గర పెట్టుకున్నవాళ్లు వాటికి తగిన భద్రత కల్పించాలని అందులో ఉంది. చట్టం లేకపోయినా ఈ పని చేయాల్సిందేనని నా నమ్మకం. బీడీలు చుట్టే మన అక్కలు, అమ్మలు ఆ చట్టం పేరు వినలేదు. తమ పేరు పక్కన ఉన్న నిల్వ రేపు కూడా అంతే ఉంటుందని నమ్మి ఇంటికి పోతారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే చోట నిన్ను కూచోబెట్టారు.

రేపు ఆఫీసుకు వెళ్లగానే వేరేవాళ్ల ఖాతా తెరిచేముందు నీ ఖాతా మీద షో గ్రాంట్స్ నడుపు. కొత్తగా చేరినదానివి, తొందరలో నీకు ఎక్కువే ఇచ్చి ఉంటారు. నీ పనికి అక్కర్లేనివి ఏవేవో రాసి, తీసేయమని నీ పెద్దకు నువ్వే ఉత్తరం పెట్టు. నారళి పున్నమికి మార్కండేయుడి రథం చూడటానికి వస్తావుగా, ఆ ఉత్తరం నకలు నాకు తెచ్చి చూపించు.

నీ తాత